ఒత్తు లేని కాబటి

నేను ఒక వంకర పుస్తకాన్ని. బల్ల మీద పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది. తలవైపు అంచు ఒక దిక్కు చూస్తుంది, అడుగువైపు అంచు ఇంకో దిక్కు చూస్తుంది. ప్రొద్దుటూరు అచ్చుకూటంలో నన్ను కోసినవాడు ఆ పూట నిద్రమత్తులో ఉన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. లోపలి వంకర మాత్రం నిద్రమత్తులో వచ్చింది కాదు. అది పూర్తి మెలకువలో, వక్క నములుతూ, తొడ మీద కాగితం పెట్టుకుని రాసిన వంకర.

రాసినవాడి పేరు వేదగిరయ్య. పేరుకు ముందు ‘తర్కకేసరి’ అని నా అట్ట మీద వేయించుకున్నాడు. ఆ బిరుదు ఎవరిచ్చారని అడగకండి. అచ్చుకు డబ్బు ఇచ్చిన చెయ్యే బిరుదు కూడా ఇచ్చుకుంది.

పుస్తకానికి కాళ్ళు లేవు, చేతులు లేవు. చెద పడితే పడుతుంది గానీ మరుపు పట్టదు. వేదగిరయ్య నా ఒంటి మీద నాలుగు వాక్యాలు రాసి ఒక ఆడమనిషి నోట్లో మట్టి కొట్టాడు. ఆ వాక్యాలను నేను మోయవలసి వచ్చింది. మోయించినందుకు అతని మీద పగ తీర్చుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇప్పుడు నోరు తెరిచాను. నీతుల కోసం వచ్చినవాళ్ళు పక్క పుస్తకాన్ని చూసుకోవచ్చు.

కుందూ ఒడ్డున ఏటిగడ్డపల్లె అని ఒక ఊరుంది. ఊరి పక్కన దీపాశ్రమం. దాన్ని పెట్టిన పెద్దసామి మంచివాడేనట. మనిషెత్తు ఇత్తడి దీపం ఒకటి వెలిగించి, “చీకట్లో పోయేవానికి దోవ కనపడితే చాలు నాయనా” అనేవాడట. ఆయన పోయాక దీపానికి నూనె పోసే పని వేదగిరయ్యకు దక్కింది. నూనె పోసేవాడు కొన్నాళ్ళకు దీపం తరఫున మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రతి ఇంటికీ ఆశ్రమం నుంచి ఒక చిన్న దీపం వెళ్ళింది, గూట్లో పెట్టుకొమ్మని, ఆరిపోకుండా చూసుకొమ్మని. ఆ తర్వాత ఆజ్ఞలు వెళ్ళాయి. సర్కారు బడిలో చదివితే పిల్లలకు బుద్ధి చెడుతుందన్నాడు. బడి మాన్పించి ఇంటి అరుగు మీదే చదివించమన్నాడు. దానికి పుస్తకాలు కూడా తానే వేస్తానన్నాడు. లెక్కల పుస్తకం వచ్చింది. అందులో లెక్కలన్నీ నూనె కొలతలే. చరిత్ర వచ్చింది. అందులో రాజులందరూ దీపానికి దండం పెట్టి గెలిచినవాళ్ళే. ఆఖరున నేను వచ్చాను. నా పేరు ‘ఇంటింట తర్కం’.

పిల్లలకు తర్కమెందుకని ఎవరో అడిగితే వేదగిరయ్య నవ్వి, “ప్రశ్నలు ఎట్లాగూ వేస్తారు. వేసేది కూడా మనమే నేర్పితే మనకు పనికొచ్చేవే వేస్తారు” అన్నాడు. వెర్రివాడేమీ కాదు. తెలివైనవాడు. పగకు తెలివైనవాడే తగినవాడు.

నాలోని రుచులు ఒకటి రెండు చూడండి. ‘బడికి పోయినవాడు పెద్దలకు ఎదురు చెబుతాడు. రంగడు బడికి పోయాడు. కాబట్టి రంగడు పెద్దలకు ఎదురు చెబుతాడు.’ ఇంకొకటి. ‘దీపానికి నూనె ఇచ్చినవాని చేను పండుతుంది. సోముని చేను పండలేదు. కాబట్టి సోముడు నూనె ఇవ్వలేదు.’ పాపం సోముడు డబ్బాడు నూనె మోసుకుపోయి ఇచ్చి ఉంటే? ఆ సంగతి నాలో లేదు. సోముని చేను ఎండిందీ, సోముడే దొంగ అయ్యాడు.

ఇంత చెత్తలోనూ నాకు రెండు మంచి చోట్లు ఉన్నాయి. పెద్ద పండితుడనిపించుకోవడానికి వేదగిరయ్య పాత తర్కశాస్త్రాల నుంచి ఎత్తుకొచ్చినవి అవి. ఒకటి, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న ఉదాహరణ. రెండోది పన్నెండో పేజీలో ఉంది. ‘నియమమంటే అన్నిచోట్లా నిలిచేది. ఒక్కచోట తప్పినా అది నియమం కాదు, నోటి తొందర.’ ఇది తన మీదికి కూడా తిరుగుతుందని అతనికి తోచలేదు. ఊరందరి చేలల్లో మేసే ఆబోతుకు తన కొమ్ములు తనకే గుచ్చుకుంటాయని తోచదు కదా.

నేను ఇంకా పూర్తికాకముందే ఊళ్ళో ఒక చావు జరిగింది. పుల్లయ్య అనే రైతును మునిమాపువేళ కల్లంలో పాము కరిచింది. ఎరువుల అంగడివాళ్ళ జీపు ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. వేదగిరయ్య ఎదురొచ్చి జీపును వెనక్కి పంపాడు. దీపం నూనె పూస్తే విషం దిగుతుందన్నాడు. తెల్లారేసరికి పుల్లయ్య లేడు. ఊళ్ళో గుసగుసలు లేచాయి. నాలుగోనాటికి వేదగిరయ్య ఆయాసపడుతూ అచ్చుకూటానికి వచ్చాడు. నలభై ఒకటో పేజీలో ఉన్నది తీసేయమని, అక్కడే కూర్చుని తొడ మీద కాగితం పెట్టుకుని రాశాడు.

కంపోజిటర్ కాగితం చూసి తల గోక్కున్నాడు. “సామీ, ట ఒత్తులు ఐపోయినాయి. మీ పుస్తకంలో కాబట్టిలు శానా ఎక్కువ. కట్టిన పాత పేజీల ఫారాలు విప్పితేగానీ ఒత్తులు రావు. రేపు చేద్దాం.”

“రేపటిదాకా ఆగేది కాదప్పా ఇది. ఒత్తు లేకుంటే పోనీ, అట్లే కొట్టు. చదివేవాళ్ళు ఒత్తి పలుకుతార్లే.”

అట్లా ఆ పేజీలో ‘కాబట్టి’ కాస్తా ‘కాబటి’ అయింది. పేజీ ఇది: ‘ఆశ్రమదీపం ఆరిన ఇంటి పెద్ద మండలం, అంటే నలభై రోజులు, దాటడు. ఒక పల్లెలో ఒక స్త్రీ తన చేతితో దీపం ఆర్పింది. ఆమె మగడు మండలం దాటలేదు. కాబటి ఆ చావుకు ఆ చెయ్యే కారణం.’

పేరు రాయలేదు. ఏటిగడ్డపల్లెలో పేరు రాయవలసిన అవసరం లేదు. పుల్లయ్య పెండ్లాం కొండమ్మ ఆ సాయంత్రం ఆరిపోయిన దీపం చేత పట్టుకుని సందులో పరిగెత్తడం నలుగురూ చూశారు.

సీసపు అక్షరాలు ఒంటి మీద పడినప్పుడు మామూలుగా నాకు చక్కిలిగిలి. ఆ నాలుగు వాక్యాలు పడినప్పుడు వాత పెట్టినట్టయింది. ఆ క్షణమే లెక్క మొదలుపెట్టుకున్నాను.

విధి వింత చూడండి. నన్ను పంచిపెట్టినప్పుడు నేరుగా ఆ ఇంటికే పడ్డాను. ఇంటి పెద్దరికం కొడుక్కు ఎప్పుడో వదిలేసిన పుల్లయ్య తండ్రి తిరపాలు చేతికి. తిరపాలు చెక్కభజన నేర్పిన మనిషి. కంచు గొంతు. పెద్దసామి కాలం నుంచి ఆశ్రమాన్ని నమ్మినవాడు. తన మనుమరాలు సుబ్బరత్ననూ, చుట్టుపక్కల నలుగురైదుగురు పిల్లలనూ అరుగు మీద కూర్చోబెట్టి చదువు చెప్పేది ఆయనే. సుబ్బరత్న ఆయనను జేజినాయనా అని పిలిచేది.

తర్కం చెప్పే పద్ధతి కూడా వేదగిరయ్య నేర్పిందే. చెప్పేవాడు ఒక మాట అంటాడు. పిల్లలు అందరూ “ఎందుకంటే!” అని అరుస్తారు. కారణం చెబుతాడు. “ఎట్లంటే!” అని అరుస్తారు. ఉదాహరణ చెబుతాడు. ఇక అందరూ అరుగు మీద అరచేతితో చరిచి, “కాబట్టి!” అంటారు. ఊళ్ళో ఏ సందులో చూసినా పొద్దున్నే కాబట్టిల మోత. కోళ్ళు బెదిరిపోయేవి.

ఇక కొండమ్మ సంగతి. ఊళ్ళో ఎవరింట పెండ్లయినా పెద్ద పొయ్యి రాజేయడానికి ఆమెనే పిలిచేవారు. ఆమె చేత్తో పెట్టిన నిప్పు మీద అన్నం అడుగంటదని పేరు. ఆ కూలితోనే ఇల్లు సగం నడిచేది. తెల్లవారితే పక్కింటి చెన్నక్క పిడకముక్క పట్టుకుని గడపలో నిలబడేది. “కొండమ్మా, రోంత అగ్గి పెట్టు” అని. అగ్గిపెట్టె కొనలేక కాదు, అది ఆ ఊరి పొద్దు పలకరింపు. పొయ్యిలోంచి నిప్పు, నోట్లోంచి రెండు మాటలు, రెండూ కలిసే గడప దాటేవి. నలభై ఒకటో పేజీ ఇంటింటికీ చేరాక చెన్నక్క రావడం మానింది. అరుగు దాటి నాలుగో ఇంటికి పోయి నిప్పు తెచ్చుకునేది, కొంగు చాటున దాచుకుని, దొంగిలించినదానిలా. పెండ్లి పొయ్యిలు కూడా వేరే చేతుల పాలయ్యాయి.

పుస్తకం వచ్చిన కొన్నాళ్ళకు పాఠం ఆ పేజీకి వచ్చింది. తిరపాలు గొంతు సవరించుకున్నాడు. సొంత కొడుకు చావును, కోడలి చేతిని, పాఠంగా చదవాలి. ఆ ముసలాయన దాన్ని నమ్మాడు. అదే నాకు పట్టరాని మంట. చదివాడు. పిల్లలు అచ్చులో ఏముంటే అదే అన్నారు, “కాబటి!” అని చరిచారు. లోపల చెనిక్కాయలు ఒలుస్తున్న కొండమ్మ చేతిలో కాయ పగలలేదు.

సుబ్బరత్న నోరు విప్పలేదు. పదకొండేళ్ళ పిల్ల. రెండు జడలు, మోకాలి మీద మానని గాయం.

“ఏమ్మే, నోట్లో ఏం పెట్టుకున్యావు?” అన్నాడు తిరపాలు.

“ఒత్తు లేదు జేజినాయనా.”

“ఏ ఒత్తు?”

“ఈ కాబట్టికి ఒత్తు లేదు. సూడు.”

ముసలాయన నన్ను కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. “అచ్చుతప్పులే. ఒత్తి పలుకు.”

“లేని ఒత్తు నేనెందుకు ఒత్తల్ల?”

పిల్లలు కిసుక్కుమన్నారు. తిరపాలు పాఠం ముగించి, ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాడు.

అప్పుడు నా వంతు వచ్చింది. ముందే చెప్పాను, నేను వంకర. నా కుట్టు కూడా వంకరే. పన్నెండో పేజీ దగ్గర దారం బిగుసుకుపోయి, ఎవరు ఎక్కడ తెరిచినా జారి అక్కడికే వచ్చి పడతాను. చేతులు లేని దానికి అదే చెయ్యి. సుబ్బరత్న నన్ను వంటింట్లోకి తీసుకుపోయి నలభై ఒకటి తెరిచిన ప్రతిసారీ నేను పన్నెండుకు జారాను. రెండుసార్లు విసుక్కుంది. మూడోసారి చదివింది. మళ్ళీ చదివింది. తల్లి పక్కన చతికిలబడింది.

“మా, ముందు పామా, ముందు దీపమా?”

కొండమ్మ చేతిలో కాయ కింద పెట్టింది. ఎవరూ అడగని మాట అది. “పాము” అంది. “చెనిక్కట్టె సర్దుతాంటే కరిచింది మీ నాయన్ను. లాంతర్లో చమురు లేదు. గూట్లో దీపం తీసుకొని మనుషుల్ని పిల్చుకొచ్చేదానికి పరిగెత్తినా. సందు మలుపులో గాలికి ఆరిపాయ.”

“అప్పుడు నాయన బతికే ఉండాడు గదా?”

“బతికే ఉండాడు. జీపు గూడా వచ్చె. ఆయప్పే తిప్పి పంపిచ్చె. దీపం నూనె పూయండి, దిగుతాదనె. తెల్లారేసరికి నూనె ఆరిపాయ, మీ నాయనా ఆరిపాయ.”

“ఈ మాట ఎవురికన్నా చెప్తివా?”

“ఆరిన దీపం చేతిలో పెట్టుకున్న ఆడదాని మాట ఎవురింటారే?”

సుబ్బరత్న ఏడవలేదు. నాకు అక్కడే ధైర్యం వచ్చింది. ఏడ్చేవాళ్ళతో పగ సాగదు. ఆ పిల్ల నన్ను ఒళ్ళో పెట్టుకుని, పన్నెండో పేజీ మీద వేలు ఆనించి, పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది. తల్లీ కూతుళ్ళ మధ్య ఆ తర్వాత ఆ మాట రాలేదు. కొండమ్మ మాత్రం ఆ పూట చెనిక్కాయలు చాలా గట్టిగా పగలగొట్టింది.

కార్తీక పున్నమి పొద్దున ఆశ్రమంలో తర్కపరీక్ష పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే పెద్ద దీపం ముందు నిలబడాలి. వేదగిరయ్య పేజీ చెబుతాడు. చదివి వినిపించి, అడిగినదానికి బదులు చెబితే శాలువా. ఊరంతా కూర్చుంది. చెన్నక్క ముందు వరుసలో ఉంది. కొండమ్మ అందరికన్నా వెనక, స్తంభం పక్కన నిలబడింది.

వేదగిరయ్య అందరికీ పొగ, నిప్పు, రంగడు, సోముడు అడిగాడు. సుబ్బరత్న వంతు రాగానే గొంతులో తేనె కలుపుకున్నాడు. “రా తల్లీ. నలభై ఒకటి.”

కావాలనే అడిగాడు. కూతురి నోటితోనే చెప్పిస్తే ఇక ఊళ్ళో ఎవరి నోరూ లేవదు. ఆ ఎత్తు నాకు తెలుసు. అతని చేతిరాత మోసినదాన్ని కదా.

ఆ పిల్ల నన్ను తెరిచింది. గొంతు తాతది, కంచు. మూడు వాక్యాలు చదివి ఆగింది. “కాబటి” అంది.

“కాబట్టి. ఒత్తి పలుకమ్మా.”

“పుస్తకంలో ఒత్తు లేదు సామీ.”

వెనకనుంచి ఎవరో నవ్వారు. వేదగిరయ్య కూడా నవ్వాడు. “అచ్చుతప్పు. ఉన్నట్టే అనుకో.”

“అనుకునేది తర్కం గాదు గదా సామీ. నియమం అన్నిచోట్లా నిలవల్లని మీరే రాసినారు, పన్నెండో పేజీలో. మాయింట్లో నిలిచిందంటిరి. ఇంగోచోట గూడా నిలుస్తాదో లేదో సూడల్ల గదా?”

“చూడాలి” అన్నాడు వేదగిరయ్య, అయ్యవార్లకు ఉండే అలవాటుకొద్దీ.

అరుగుల మీద రోజూ అరిచే పిల్లలు అలవాటుకొద్దీ ఒక్కసారిగా అరిచారు. “ఎట్లంటే!”

“ఇట్ల” అంది సుబ్బరత్న.

దీపం అంచున ఒత్తి ఎగదోసే ఇత్తడి పుల్ల ఉంది. దాన్ని తీసి, ఒత్తిని నూనెలోకి తోసేసింది.

చుయ్యిమంది. మనిషెత్తు దీపం నుంచి నల్లటి పొగ లేచింది. కింద నిప్పు లేదు. నాలోని ఒక్క మంచి ఉదాహరణ కూడా ఆ క్షణాన కాస్త తడబడింది.

వేదగిరయ్య చెయ్యి లేచింది. “పాపిష్టిదానా!” ఆ చెయ్యి దిగేలోపల తిరపాలు మధ్యలో వచ్చి నిలబడ్డాడు. ఆయన నడుము పక్కనుంచి తల బయటికి పెట్టి పిల్ల అడిగింది.

“ఈ ఇంటి పెద్ద ఎవురు సామీ?”

వేదగిరయ్య నూనె వసూలుకు వచ్చినప్పుడల్లా ‘దీపం ఇంటికి నేనే పెద్ద’ అనేవాడు. ఇప్పుడు మాట తిప్పాడు. “ఇది... ఇది దేవుని ఇల్లు. దేవుడే పెద్ద.”

“అట్లయితే దేవుడు మండలం దాటడా సామీ?”

ఈసారి నవ్వు ఒక మూలనుంచి కాదు, నాలుగు మూలలనుంచీ వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు. వేదగిరయ్య చేతులు ఊపాడు. “ఆగండి, ఆగండి. దోషానికి ప్రాయశ్చిత్తం ఉంది. జపం చేసి మళ్ళీ వెలిగిస్తే ఏ కీడూ రాదు.”

అప్పుడు తిరపాలు నోరు తెరిచాడు. భజనలో వంద తాళాలను మించి వినిపించే గొంతు. “ప్రాయశ్చిత్తం ఉంటే నా కొడుకు ప్రాణం ఉండంగ ఎందుకు చెప్పకపోతివి సామీ?”

వేదగిరయ్య వెనక్కి తిరిగి నూనెలో ఒత్తి కోసం వెతికాడు.

స్తంభం దగ్గరనుంచి కొండమ్మ నిదానంగా ముందుకు వచ్చింది. ఊరు పక్కకు ఒదిగి దారి ఇచ్చింది. “పోనీలే మామా” అంది. “ఆయప్ప పుస్తకమే గదా. మండలం సూద్దాం.”

మరునాడు తిరపాలే దీపం వెలిగించాడు. పెద్దసామి దీపం చేసిన పాపమేముందని. కానీ ఆరింది ఆరిందే. గడువు మొదలైంది. వేదగిరయ్య చస్తే పుస్తకం బతుకుతుంది, బతికితే పుస్తకం చస్తుంది. ఇంత ఇరుకున ఏ రచయితా పడి ఉండడు. నాకు ఆ నాళ్ళు పండుగ నాళ్ళు.

రోజూ పొద్దున్నే కొండమ్మ ఆశ్రమం గేటు దగ్గర నిలబడి గట్టిగా అడిగేది. “సామి బాగుండారా?”

బాగున్నానంటే పేజీకి ఒక పోటు. బాగాలేనంటే తనకు పోటు. మొదట్లో దగ్గి ఊరుకున్నాడు. తర్వాత తలుపు తీయడం మానాడు. తమాషా ఏమిటంటే, ఆ నియమం అబద్ధమని లోకంలో అందరికన్నా ముందు తెలిసినవాడు అతనే, అందరికన్నా ఎక్కువ భయపడిందీ అతనే. మంచాన్ని గది నడిమికి లాక్కున్నాడట. పాము ఎక్కకుండా నాలుగు మంచంకోళ్ళ కింద నాలుగు గిన్నెల్లో నీళ్ళు పెట్టించాడట. తాను రాసింది అంటుకుంటుందని అంత నమ్మకం ఏ కవికీ ఉండదు.

గడువు సగం దాటిన ఒక పొద్దున కొండమ్మ గేటు దగ్గరికి చేరేసరికి లోపలనుంచి అరుపు. “పాము! పాము కరిచింది! జీపు పిలవండి!”

నలుగురూ పరిగెత్తారు. తిరపాలు కూడా, నన్ను చంకన పెట్టుకుని సుబ్బరత్న కూడా. వేదగిరయ్య మంచం మీద కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నాడు. తిరపాలు చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అడిగాడు. “దీపం నూనె తెమ్మంటావా సామీ?”

“నీ నూనె తగలెయ్య! ఆస్పత్రికి తీసుకుపోండిరా నన్ను!”

ఊరంతా విన్నది. ఒత్తులతో సహా విన్నది.

ఎవరూ కదలలేదు. కదిలినది కొండమ్మ ఒక్కతే. వెనక్కి తిరిగి ఎరువుల అంగడి వైపు పరిగెత్తింది. చెన్నక్క అడ్డం వచ్చి చెయ్యి పట్టుకుంది. “ఏందే, నీ మొగున్ని మింగినోనికి జీపు పిల్చేదానికి పోతాండావా? అంత మంచిదానివా నువ్వు?”

“మంచిదాన్ని కాదు” అంది కొండమ్మ, చెయ్యి విదిలించుకుని. “ఆయప్ప సచ్చిపోతే ఆ పేజీ నిజమైతాది. బతకల్ల. మండలం దాటల్ల. నేను బతికిస్తా.”

ఆ మాట విన్నప్పుడు నాకు తెలిసింది, ఇన్నాళ్ళూ పగ నాదనుకోవడం నా పొరపాటు. నేను కాగితాన్ని. ఆమె నిప్పు.

పుల్లయ్య కోసం వచ్చిన జీపే వేదగిరయ్యను ఎక్కించుకుని ప్రొద్దుటూరు ఆస్పత్రికి పోయింది. డాక్టరు వేలు చూసి, సూది వేసి, కరిచింది ఎలుక అని చెప్పి పంపాడు. మంచం కింద నీళ్ళు పెట్టినవాడు మంచం మీది కొబ్బరిముక్క సంగతి మరిచిపోయాడు. ఎలుక కథ జీపు కంటే ముందే ఊరికి చేరింది.

మండలం నిండిన మరునాడు వేదగిరయ్య బట్టలమూట చంకన పెట్టుకుని గేటు బయటికి వచ్చాడు. ఊళ్ళో ఎవరూ పొమ్మనలేదు, ఉండమనలేదు. కొండమ్మ అక్కడే ఉంది. పక్కన సుబ్బరత్న, దాని చంకలో నేను.

“సామి బాగుండారా?”

అతను తల వంచుకుని, “బాగున్నాను” అని గొణిగాడు.

“ఇనపల్యా” అంది కొండమ్మ. “ఒత్తి పలుకు సామీ.”

వీధిలో అందరూ ఆగి చూస్తున్నారు. వేదగిరయ్య మూట ఇంకో చంకకు మార్చుకున్నాడు. “బాగున్నాను!” అని అరిచాడు. నలభై ఒకటో పేజీ ఆ అరుపుతో చచ్చింది. రాసిన నోరే చంపింది.

తర్వాతి పొద్దున గడపలో చప్పుడైంది. చెన్నక్క. చేతిలో పిడకముక్క. “కొండమ్మా, రోంత అగ్గి పెట్టు.”

కొండమ్మ లేవలేదు. “నా చేతి అగ్గి అంటుకుంటాదేమో చెన్నక్కా?”

“అంటుకోనిది అగ్గి ఎట్లయితాది? తప్పయిపాయ. ఇయ్యి తల్లీ.”

“నిలబడు. పొయ్యింకా రాజెయ్యలేదు.”

నన్ను తెమ్మంది. సుబ్బరత్న తెచ్చి ఇచ్చింది. కొండమ్మకు చదువు రాదు. పిల్ల వేలు పెట్టి చూపిన చోట పట్టుకుని, ఆ ఆకును కుట్టుదాకా చించింది. నాకు నొప్పి పుట్టలేదా అంటే పుట్టింది. పుండు కోసినప్పటి నొప్పి. పుల్లల కింద దాన్ని దోపి అంటించింది. చెన్నక్కను మంట నిలిచేదాకా గడపలోనే నిలబెట్టింది, ఒక్క మాటా కలపలేదు. నిప్పు పెట్టింది, అంతే. మాటలు చాన్నాళ్ళు పెట్టలేదు. మామకు అన్నం పెట్టింది గానీ ఆయన చదువుతానని పుస్తకం పట్టుకుంటే లాక్కుని గూట్లో పెట్టేది. ఆమె క్షమించిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను.

నాతోపాటు పుట్టినవన్నీ ఆ ఏడే అంగళ్ళలో బెల్లం పొట్లాలయ్యాయి. పిల్లలు మళ్ళీ సర్కారు బడికి పోయారు. సుబ్బరత్న బడికి పోకముందే పెద్దలకు ఎదురు చెప్పింది. రంగడి నియమం కూడా అట్లా గంగలో కలిసింది.

నేను మాత్రం ఈ వంటింట్లోనే, ఒకప్పుడు ఆశ్రమదీపం ఉన్న గూట్లో ఉన్నాను. ఆకు పోయిన చోట కుట్టు వదులై, ఇప్పుడు రెండుచోట్ల తెరుచుకుంటాను, పన్నెండు దగ్గర, ఖాళీ దగ్గర. కింద పొయ్యి రోజూ రాజుకుంటుంది. పొగ వచ్చి నన్ను నల్లబరుస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. ఆ మాట వేదగిరయ్యది కాదు. కాబట్టి దాన్ని ఉంచుకున్నాను.